పేరు పడని పాట, మామయ్య గిటారు

పోయిన ఆదివారం మా అబ్బాయి ఫోన్‌లో ఒక వీడియో పెట్టి తాతయ్య చెవి దగ్గర పట్టుకున్నాడు. ఎవరో తెల్లాయన, బల్లలాంటి వాయిద్యం ముందు కూర్చుని "వీల్ మీట్ ఎగైన్" వాయిస్తున్నాడు. 1939లో ఇంగ్లండులో వేరా లిన్ పాడిన పాట. యుద్ధానికి వెళ్ళిన మగవాళ్ళూ, ఇంటి దగ్గర ఉండిపోయిన ఆడవాళ్ళూ దాన్ని తమ పాట చేసుకున్నారు. మామయ్య కాసేపు విని, "గిది మన హవాయి గిటారే గదరా, కాళ్ళు మొలిచినయి" అన్నారు.

అత్తమ్మ పోయి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో మా కిష్టారెడ్డిపేట ఇంట్లో మామయ్య గిటారు గలీబు ఎవరూ విప్పలేదు. ఆయన నోట ఆ మాట వినగానే నాకు ధైర్యం వచ్చింది. బీరువా మీంచి దించి, దుమ్ము తుడిచి ఆయన ముందు పెట్టాను.

మామయ్య అన్నది నిజమే. ఆ వీడియోలోది పెడల్ స్టీల్ గిటారు. దాని పుట్టిల్లు హవాయి దీవులే. 1889 ప్రాంతంలో జోసెఫ్ కెకుకు అనే బడిపిల్లవాడు గిటారు తీగల మీద ఇనుప ముక్క జరిపితే వచ్చే జారుడు నాదానికి ముచ్చటపడి, ఆ వాయింపును సాధన చేశాడంటారు. అంతకు కొంచెం ముందే హొనొలులులో గాబ్రియెల్ డేవియన్ అనే అతను అలా వాయించేవాడని కూడా చెబుతారు. అతను పుట్టింది మన ఇండియాలోనట! పేరు మాత్రం కెకుకుకే నిలిచింది.

మొదట్లో గిటారును ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, ఎడమచేత్తో ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించేవాళ్ళు. 1930లలో దానికి కరెంటు వచ్చింది. ఆ తర్వాత కాళ్ళూ, పెడళ్ళూ వచ్చాయి. పెడలు తొక్కితే తీగ బిగుసుకుని స్వరం పైకి పోతుంది, వదిలితే మళ్ళీ కిందికి వస్తుంది. మోకాళ్ళతో కదిపే మీటలు కూడా ఉంటాయి. 1954లో "స్లోలీ" అనే పాటలో బడ్ ఐజాక్స్ అలా వాయించాక అమెరికాలో అందరూ ఆ దారి పట్టారు. చేతులూ కాళ్ళూ కలిసి పని చెయ్యాలంటే నాకు మా కుట్టుమిషనే గుర్తొచ్చింది.

తీగ మీద ముక్క జరిపి వాయించడం మనకు కొత్తదేం కాదు. దక్షిణాదిన గొట్టువాద్యం ఉంది, చిత్రవీణ అన్నా అదే. అయితే హవాయి గిటారుకు మన దేశంలో పెద్ద ఇల్లు కలకత్తా. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో టావ్ మో అనే హవాయి కళాకారుడు కుటుంబంతో అక్కడే ఉండి వాయించాడు, నేర్పాడు. తర్వాత వాన్ షిప్లే, సునీల్ గంగూలీ లాంటివాళ్ళు సినిమా పాటలు వాయించిన రికార్డులు దేశమంతా తిరిగాయి. మామయ్యకు ఈ విద్య అబ్బింది కూడా ఒక బెంగాలీ ఆయన వల్లనే. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఇద్దరిదీ ఒకే షిఫ్టు.

మామయ్య ఆ రోజు శ్రుతి చేసుకుని మొదలుపెట్టింది అత్తమ్మకు ఇష్టమైన "ఓహో పావురమా". అదీ యుద్ధకాలం పాటే. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. మద్రాసులో జనం ఇళ్ళు వదిలి ఊళ్ళకు పోయారు. ముడిఫిల్ము దొరక్క, సినిమా 11,000 అడుగులు దాటకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. ఆ కరువులోనే బి.ఎన్. రెడ్డి "స్వర్గసీమ" తీశారు. 1945లో విడుదలైంది. 1941లో వచ్చిన హాలీవుడ్ సినిమా "బ్లడ్ అండ్ శాండ్"లో రీటా హేవర్త్ పాట భానుమతి మనసులో పడింది. ఆ ఛాయ ఈ పాటలోకి వచ్చింది. తమాషా ఏమిటంటే సినిమాలో ఈ పాట పాడేది భార్య కాదు, భర్తను ఇంటినుంచి లాక్కుపోయే ఆవిడ. ఆ మాట అంటే అత్తమ్మ, "పాట మంచిగుంటే సాలదా" అనేది.

వాయిస్తూ మధ్యలో ఆగినప్పుడు, బి.ఏ.లో చదివిన తెలుగు ఊరుకోనివ్వక మామయ్యకు ఇంకో సంగతి చెప్పాను. ఈ పాట వెనక ఉన్నది బాలాంత్రపు రజనీకాంతరావు గారు. అప్పుడాయన ఆకాశవాణి ఉద్యోగి కాబట్టి తెర మీద పేరు పడలేదు. పేరు నాగయ్య, ఓగిరాల వారిది. రజని గారు 2018 దాకా, తొంభై ఎనిమిదేళ్ళు బతికారు గనక తెలిసినవాళ్ళు ఆయన పేరు చెప్పుకునే రోజు కళ్ళారా చూశారు. గిటారు మీద వాయిస్తే మాటలుండవు, భానుమతి గొంతూ ఉండదు, మిగిలేది వరస ఒక్కటే. అంటే పేరు పడనాయన పనే మిగులుతుందన్నమాట.

మామయ్య ఏమీ అనలేదు. కడ్డీ చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు.

ఈ గిటారు సంగతి ఎవరడిగినా ఆయన, "ఓవర్‌టైం పైసలతోని కొన్న" అనేవారు. నలభై ఏళ్ళు అదే మాట. అత్తమ్మ పక్కనే ఉండి కూడా కాదనేది కాదు. చిక్కుడుకాయలు ఒలుస్తూ నాకొక్కదానికే ఒకసారి చెప్పింది. ఓవర్‌టైం పైసలు ఆడపిల్ల పెళ్ళి అప్పుకే పోయాయట. గిటారుకు ఇచ్చినవి తను బీడీలు చుట్టి చిట్టీ కట్టిన పైసలు. "మరి చెప్పొచ్చుగా అత్తమ్మా" అంటే, "ఆయన సంబురం చెడగొట్టుడెందుకు బిడ్డా" అంది.

చాలాసేపటికి మామయ్య మా అబ్బాయిని పిలిచి, "గిది మీ నాయనమ్మ బీడీల పైసలతోని కొన్నదిరా, యాది పెట్టుకో" అన్నారు. నేను వంటింట్లోకి వచ్చేశాను. వెనక పాట మళ్ళీ మొదలైంది. వేళ్ళు ముదిరిపోయాయి కదా, కడ్డీ వణికింది, రెండుచోట్ల స్వరం తప్పింది. అయినా పాట చివరిదాకా వాయించారు.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరి పేరు మీద చెలామణీ అవుతున్న వస్తువు ఉండే ఉంటుంది. అది ఎవరి పైసలతో వచ్చిందో, చెప్పేవాళ్ళు ఉండగానే ఒకసారి అడిగి చూడండి. మా ఇంట్లో ఆ మాట బయటికి వచ్చేసరికి వినాల్సిన మనిషి లేకుండా పోయింది.