ఎండ ఊళ్ళలో కెమెరా

మా అక్క మనవడు ఈమధ్య బెంగుళూరు నుంచి వచ్చాడు. చేతిలో మంచి ఫోనే ఉంది, అయినా వాడికి ఫిల్ము కెమెరా కావాలట. "తాతా, వేలూరు కోటనీ, గుడియాత్తం శిరసు పండగనీ ఫిల్ముమీద తియ్యాలని ఉండాది. ఏ కెమెరా కొనేది?" అని అడిగాడు. ఫిల్ము మళ్ళీ కుర్రవాళ్ళ చేతుల్లోకి వచ్చిందనీ, పెంటాక్స్ వారు 2024లో కొత్తగా ఒక ఫిల్ము కెమెరాను అమ్మకానికి పెట్టారనీ కూడా వాడే చెప్పాడు. నేను వెంటనే జవాబు చెప్పలేదు. మన ఎండల్లో, మన దారుల్లో ఏ కెమెరా పట్టుకుని తిరగాలి అన్న ప్రశ్న కొత్తది కాదు. దాని వయసు నూట అరవై ఏళ్ళకు పైనే.

అంతకంటే ముందు ఈ ప్రశ్నే లేదు. కాండీ చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుణ్ణి 1815లో ఇంగ్లీషువారు పట్టుకుని, తరువాత వేలూరు కోటలో బందీగా ఉంచారు. మదురై నాయకుల బంధువర్గం వాడు. 1832లో వేలూరులోనే చనిపోయాడు. పాలారు ఒడ్డున ఆయన సమాధి, ముత్తు మండపం, నేటికీ ఉంది. పారిస్‌లో డాగేర్ పద్ధతిని లోకానికి ప్రకటించింది 1839లో. అంటే ఏడేళ్ళ తేడాతో ఆ రాజు కెమెరాకు అందకుండా పోయాడు. చిత్రకారులు గీసిన బొమ్మలు తప్ప ఆయన ముఖం మనకు దక్కలేదు.

తరువాత పాతికేళ్ళకు మన దక్షిణాదికి ఒక సర్కారు ఫొటోగ్రాఫరు వచ్చాడు. ఆయన పేరు కెప్టెన్ లిన్నేయస్ ట్రైప్. మద్రాసు ప్రభుత్వం 1856లో ఆయన్ను ఆ పనికి నియమించింది. 1857 డిసెంబరులో బయలుదేరి తిరుచ్చి, మదురై, తంజావూరు తిరిగాడు. సేలం జిల్లా వైపు రాయకోటను కూడా తీశాడు. హొసూరు, కృష్ణగిరి వైపు పాఠకులకు ఆ కోట కొత్త కాదు. ఆ రోజుల్లో గుడియాత్తం, చిత్తూరు ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. 1911లో చిత్తూరు జిల్లా వేరు పడేదాకా జిల్లా కచేరీ కూడా చిత్తూరులోనే.

ట్రైప్ ముందున్న ఎంపిక చూడండి. గాజు పలకమీద తీస్తే బొమ్మ చాలా స్పష్టంగా వస్తుంది. కాని తడి పలక పద్ధతిలో ఆ మందు ఆరిపోకముందే బొమ్మ తీసి, అక్కడికక్కడే కడగాలి. అంటే ప్రతి గుడి ముందూ ఒక చీకటి గుడారం వెయ్యాలి. మన ఎండలో మందు ఎంతసేపు తడిగా ఉంటుంది? మైనం పట్టించిన కాగితమైతే ముందుగానే సిద్ధం చేసి పెట్టుకోవచ్చు, తీసిన తరువాత తీరికగా కడగవచ్చు. మోయడానికి తేలిక, పగలదు. ట్రైప్ గాజునూ వాడాడు గాని ప్రయాణంలో ఎక్కువగా కాగితాన్నే నమ్ముకున్నాడు. తంజావూరు పెద్ద గుడి పునాది చుట్టూ ఉన్న శాసనాన్ని వరుసగా తీసి, 21 ప్రింట్లు అతికించి, పందొమ్మిది అడుగులకు పైగా పొడవున్న ఒకే బొమ్మగా చేశాడు. శాసనాన్ని కెమెరాతో చదివించవచ్చని చూపిన పని అది. తరువాత గవర్నరుగా వచ్చిన ట్రెవిలియన్‌కు ఇదంతా దుబారా ఖర్చుగా తోచింది. ట్రైప్ పని ఆగిపోయింది.

ఈ కథ మామూలు మనిషి ఇంటికి రావడానికి ఇంకా వందేళ్ళు పట్టింది. 1888లో కోడక్ కెమెరా వచ్చినా అది దొరల వస్తువే. మా వైపు చాలా ఇళ్ళలోకి మొదట వచ్చింది అగ్ఫా క్లిక్ త్రీ. వడోదరలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ వారు తయారుచేసేవారు. నల్లటి తేలికైన డబ్బా. 120 రోలు వేస్తే పన్నెండు చదరపు బొమ్మలు. షట్టరు వేగం ఒక్కటే, సెకనులో సుమారు ముప్పయ్యో వంతు. ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు. నెగెటివ్ పెద్దది కనుక కాగితంమీద పరిచి అంతే సైజు ప్రింటు వేయించుకోవచ్చు, చవక.

గుడియాత్తంలో తెలుగు బడి అయ్యవారైన మా మామకు అటువంటి క్లిక్ ఒకటి ఉండేది. ఎండ మండే వేళ ఎవరైనా కదలకుండా నిలబడితే ఆ డబ్బా వమ్ము చేసేది కాదు. వెలుగు కాస్త ఎక్కువైనా నలుపు తెలుపు ఫిల్ము ఓర్చుకునేది. కాని శిరసు పండగనాడు అది పనికి రాలేదు. వైగాసి నెల మొదటి రోజు, అంటే మే నడుమన, గంగమ్మ శిరసును ఊరేగించి గోపాలపురం గుడిలో అమ్మవారి మొండేనికి చేరుస్తారు. కౌండిన్య ఏటి ఒడ్డున ఇసకేస్తే రాలని జనం. ఆ ఊపులో ముప్పయ్యో వంతు సెకను చాలా ఎక్కువ. మామ తీసిన శిరసు బొమ్మలన్నింటిలో అమ్మవారు ఒక తెల్లటి మసక.

అందుకే ఉద్యోగం వచ్చాక నేను అన్నీ తానే చూసుకునే కెమెరా ఒకటి పాతది కొన్నాను. బ్యాటరీతో నడిచే షట్టరు. 1986లో మా అవ్వను శిరసుకు తీసుకుపోయాను. "ఒరే, నన్నూ గంగమ్మనూ ఒకే పటంలో పట్టరా" అంది. పట్టుకున్నాను, మీట నొక్కాను. చప్పుడు లేదు. బ్యాటరీ అయిపోయింది. ఆ బిళ్ళ బ్యాటరీ ఆ పూట ఊళ్ళో ఎక్కడా దొరకలేదు. మరుసటి శిరసుకు అవ్వ లేదు.

ఆ తరువాత నేను మరమీద నడిచే కెమెరాకే మారాను. పెంటాక్స్ కె1000, 1976 నుంచి 1997 దాకా తయారైనది. బ్యాటరీ వెలుగు కొలిచే ముల్లుకు మాత్రమే. అది చచ్చినా షట్టరు పడుతుంది. అప్పుడు కన్నే మీటరు. నిండు ఎండలో రంధ్రం 16 దగ్గర పెట్టి, ఫిల్ము వేగం 100 అయితే షట్టరును 125 దగ్గర ఉంచితే చాలు. జనం కదులుతుంటే రంధ్రం పెద్దది చేసి 500కు పోవచ్చు. జలకంఠేశ్వరుని కల్యాణ మండపంలో యాళిస్తంభాల నడుమ మాత్రం ఈ లెక్క పనికిరాదు. బయట కళ్ళు జిగేలు, లోపల చీకటి. అక్కడ 400 ఫిల్ము, వెడల్పు లెన్సు, స్తంభానికి ఆనిన భుజం కావాలి. శాసనం తీయాలంటే ఉదయపు ఏటవాలు ఎండ కావాలి. మిట్టమధ్యాహ్నం అక్షరం గుంత నిండిపోయి రాయి నున్నగా కనిపిస్తుంది.

ఫిల్ము కూడా ఒకప్పుడు మనదే ఉండేది. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్‌లో 1967 నుంచి ఉత్పత్తి మొదలైంది. ఇందు పేరుతో వచ్చిన నలుపు తెలుపు రోళ్ళు నేనూ చాలా వాడాను. ఆ కర్మాగారం మూతపడింది. కనుక నేడు ప్రతి రోలూ దూరదేశపు సరుకే, ఖరీదు. వేలూరు మే నెలలో దాన్ని బస్సు కిటికీ పక్కనో, మోటారు సైకిలు పెట్టెలోనో పెడితే పాడవుతుంది. తడిగుడ్డ చుట్టిన డబ్బాలో, సంచి అడుగున ఉంచాలి. తీసినది తీసినట్టు కడిగించాలి.

ఇదంతా మనవడికి చెప్పి, మరమీద నడిచే కెమెరా, 50 లెన్సు ఒక్కటి, 100 రోళ్ళు రెండు, 400 రోలు ఒకటి చాలన్నాను. తరువాత మామ పెట్టె తెరిచి 1968 నాటి బడి బొమ్మ చూపించాను. వెనక తెలుగు అక్షరాల బోర్డు, ముందు మూడు వరుసల్లో ముప్పయ్యొక్క మంది పిల్లలం. ప్రతి ముఖమూ స్పష్టం. వెనక్కు తిప్పితే మామ చేతిరాత: "1968. ఎండ. ఉదయం 9." అంతే. పేర్లు లేవు. వెలుతురు లెక్క రాసుకున్న మనిషి పిల్లల పేర్లు రాయలేదు, అవి మరిచిపోయేవా అనుకుని ఉంటాడు. నాకు ఎనిమిది మంది గుర్తున్నారు.

2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తరువాత మన బడుల్లో తెలుగు చదువు ఎలా మారిందో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఒకనాడు ఇక్కడ ముప్పయ్యొక్క మంది ఒకే తరగతిలో తెలుగు చదివారని చెప్పడానికి మా ఇంట్లో ఉన్న ఆధారం ఆ చదరపు ప్రింటు ఒక్కటే.

మనవడు నా కెమెరానే పట్టుకుపోయాడు. వెళ్ళేముందు ఒక చిన్న నోటుబుక్కు కొనిచ్చాను, తీసిన ప్రతి బొమ్మకూ ఎదురుగా పేరు, ఊరు, తేదీ తెలుగులో రాయమని. గుడియాత్తం వైపు పాఠకులెవరి ఇంట్లోనైనా అటువంటి బడి బొమ్మ ఉంటే, వెనక పేర్లు రాయించండి. రాయగలిగిన వాళ్ళు ఇంకా కొందరున్నారు.