తొమ్మిది మలుపుల వంతెన మీదుగా టీ! షాంఘై చెరువులో ఒక మండపం కథ

మనం టీ ఎలా తాగుతాం? బండి పక్కకి ఆపి, రెండు నిమిషాల్లో తాగేసి వెళ్లిపోతాం. కానీ ఒక టీ హౌస్ ఉంది. అందులోకి వెళ్లాలంటే తొమ్మిది మలుపుల వంతెన ఎక్కాలి. కావాలనే అలా కట్టారు! ఎందుకు? ఈ రోజు అదే మాట్లాడుకుందాం.

ఊరు చైనాలోని షాంఘై. టీ హౌస్ పేరు హూషిన్‌థింగ్. అంటే చెరువు నడుమ మండపం అని.

కథ 1559లో మొదలవుతుంది. పాన్ యున్‌ద్వాన్ అనే మింగ్ కాలపు అధికారి, ముసలి తండ్రి హాయిగా గడపాలని ఒక తోట మొదలుపెట్టాడు. అదే యూ యువాన్. 1577 దాకా పని సాగింది. ఆ ఖర్చుకి ఆస్తి కరిగిపోయింది. ఆయన తర్వాత తోట పాడుబడింది. చాలా కాలానికి, 1784లో, బట్టల వ్యాపారులు డబ్బులు పోగేసి అక్కడి చెరువులో మండపం కట్టుకున్నారు. వాళ్ల బేరసారాలకి అదే అడ్డా.

ఇప్పుడు డిజైన్ చూద్దాం. బరువంతా చెక్క స్తంభాలూ దూలాలూ మోస్తాయి. గోడలకి ఆ పని లేదు. కాబట్టి చుట్టూ కిటికీలే పెట్టేయొచ్చు. ఎక్కడ కూర్చున్నా నీళ్లు కనిపిస్తాయి. చూరు అంచులు పైకి వంగి ఉంటాయి. వాన గోడలకి దూరంగా పడుతుంది, వెలుతురు లోపలికి వస్తుంది.

మరి ఆ వంకర వంతెన? దయ్యాలు తిన్నగానే నడుస్తాయట, మలుపులు తిరగలేవట! జనం చెప్పుకునే మాట అది. అసలు లాభం వేరే ఉంది. ప్రతి మలుపులో మన నడక నెమ్మదిస్తుంది, కంటి ముందు దృశ్యం మారుతుంది. తోటల నిర్మాణం మీద జీ చెంగ్ 1631లో ఒక పుస్తకమే రాశాడు. అందులో ముఖ్యమైన సూత్రం, దృశ్యాన్ని అరువు తెచ్చుకోవడం. కొండ మనది కాకపోయినా పర్లేదు, మన కిటికీలోంచి కనిపిస్తే చాలు.

ఇక్కడే కథ చేదెక్కుతుంది. చైనా టీకి వెండి పోసి పోసి విసిగిన బ్రిటిష్‌వాళ్లు, మన దేశంలో పండించిన నల్లమందు అక్కడ అమ్మించారు. యుద్ధం వచ్చింది. 1842లో వాళ్ల సైన్యం ఈ తోటలోనే దిగింది. 1853లో తిరుగుబాటుదారులు ఇక్కడే మకాం పెట్టారు. 1855లో ప్రభుత్వ సైన్యం ఊరిని తిరిగి పట్టుకుంది. ఆ గొడవల్లో తోట బాగా దెబ్బతింది. అదే ఏడాది ఈ మండపం టీ హౌస్ అయింది!

బాగుచేసిన తోటని 1961లో అందరికీ తెరిచారు. ఒక్క తండ్రి కోసం మొదలైన చోటుకి ఇప్పుడు ఎవరైనా వెళ్లొచ్చు. పక్కనే టీ కూడా తాగొచ్చు.

అన్నట్టు, మనం అనే ‘చాయ్’, ‘టీ’ రెండు మాటలూ చైనా నుంచి వచ్చినవే. మరి మీ ఊళ్లో చెరువు గట్టున కాసేపు కూర్చుని టీ తాగే చోటు ఉందా? కామెంట్లో చెప్పండి. మళ్లీ కలుద్దాం.