అటకకి మెట్లు

మా ఊళ్ళో పెంకుటింటికి ఈ వేసవిలో కప్పు మార్పిస్తున్నాం. పని చూడ్డానికి వచ్చిన వడ్రంగి వంటింట్లో నుంచుని, తలెత్తి అటక వంక చూసి, “ఎందుకండీ ఈ నిచ్చెన బాధ? వసారాలోంచి ఇనప మెట్లు పెట్టించేస్తే పిల్లలు కూడా ఎక్కుతారు,” అన్నాడు. సబబైన మాటే. అరవై దాటాక నిచ్చెనెక్కడం ఏం సరదా? అయినా వెంటనే సరేననలేకపోయాను. కైరోలో ఒక గది గుర్తొచ్చింది.

ముందు మా అటక సంగతి. దూలాల మీద పలకలు పరిచి చేసిన చోటు. ఎక్కే కంత పొయ్యికి దగ్గరగా, మనిషి భుజాలు ఇరుగ్గా పట్టేంత. అది తెలియక పెట్టింది కాదు. పొయ్యి పొగ పైకి చేరితే విత్తనాలకీ తాటాకులకీ పురుగు పట్టదు. సౌకర్యం సంగతి మాత్రం ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఎక్కడం కష్టం కాబట్టే కాబోలు, జరగని పనిని మనం “అటకెక్కింది” అంటాం.

ఇక కైరో. పాత కైరోలో, ఫుస్తాత్ అనే పేటలో, బెన్ ఎజ్రా అనే యూదుల ప్రార్థన మందిరం ఉంది. అందులో ఆడవాళ్ళు కూర్చునే పై అంతస్తు చివర ఒక గది. దానికి తలుపు లేదు, కిటికీ లేదు. గోడలో బాగా ఎత్తున ఒక కంత, దానికి నిచ్చెన. అంతే. దేవుడి పేరు రాసిన కాగితాన్ని పారెయ్యకూడదు, కాల్చకూడదు. కొన్నాళ్ళు దాచి పూడ్చిపెట్టాలని వాళ్ళ నియమం. ఫుస్తాత్ వాళ్ళు దేవుడి పేరున్నవీ లేనివీ, హీబ్రూ అక్షరాల్లో ఉన్న ప్రతి కాగితాన్నీ ఆ కంతలోంచి లోపలికి పడేశారు. పెళ్ళి ఒప్పందాలు, అప్పు పత్రాలు, పిల్లలు అక్షరాలు దిద్దిన కాగితాలు. పూడ్చడం మాత్రం మరిచిపోయారు. 11వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం దాకా అలా పేరుకుంటూనే ఉన్నాయి.

1860ల్లో జాకబ్ సఫీర్ అనే యాత్రికుడు ఎక్కబోతే, లోపల పాముంది వద్దన్నారట. (మా అటక మీదా పాముండేది, నాయనమ్మ మాటల్లో. జంతికల డబ్బా కూడా అక్కడే ఉండేది.) అతను ఎక్కాడు గానీ, దుమ్ములో రెండు రోజులు వెతికి నాలుగు కాగితాలతో దిగిపోయాడు. 1890 ప్రాంతంలో పాత మందిరాన్ని కూల్చి మళ్ళీ కట్టారు. ఆ రోజుల్లోనే కాగితాలు వర్తకుల చేతుల్లోకి జారడం మొదలైంది. 1896 చివర్లో కేంబ్రిడ్జి నుంచి సాలమన్ షెక్టర్ వచ్చి, పెద్ద రబ్బీ అనుమతితో వారాల తరబడి ఆ దుమ్ములో కూచుని, దాదాపు 1,93,000 ముక్కలు పట్టుకెళ్ళాడు.

అందులో మన దేశం కూడా ఉంది. ట్యునీసియా నుంచి వచ్చిన అబ్రహాం బెన్ యీజూ అనే వర్తకుడు 12వ శతాబ్దంలో ఏళ్ళ తరబడి మంగుళూరులో ఉండి కంచుపని చేయించాడు. ఏడెన్‌లోని స్నేహితులు పాతబడిన పాత్రలు పంపేవాళ్ళు, కరిగించి కొత్తవి చేయించమని. ఇక్కడ దొరకదని రాసుకోవడానికి కాగితం కూడా పంపేవాళ్ళు. గోయిటైన్ ఆ ఉత్తరాలు వెతికి చదవబట్టి, అమితావ్ ఘోష్ వాటిమీద ‘ఇన్ ఏన్ ఏంటీక్ లేండ్’ రాయబట్టి నాలాంటివాడికి తెలిసింది. సొట్టపడ్డ చెంబు అటక మీద పడేసే ఇంట్లో పుట్టినవాణ్ణి కదా, ఆ పాత సామాను జాబితాలంటే నాకు మహా ఇష్టం.

మా చిన్నాన్నగారింట్లో ఇరవై ఏళ్ళ కిందట అటకకి మెట్లు పెట్టించారు. ప్రతి సంక్రాంతికీ పైకెక్కి దులపడం సులువైంది. రెండేళ్ళలో అటక ఖాళీ. ముత్తాత చేతిరాత లెక్కల పుస్తకాలు తూకానికి పోయాయి, కంచు గంగాళం స్టీలు సామానుగా మారింది. ఎవరూ తప్పుచెయ్యలేదు. చేతికందేది ఎప్పుడూ పనికిరానిదిగానే కనిపిస్తుంది, అంతే.

అలాగని నిచ్చెనే కాపాడిందంటే అది సగం నిజం. కైరోలో వాన అరుదు. మనకి చెదలు, వర్షం, జారిన పెంకు. ఇక్కడ ఎవరూ ఎక్కని అటక మూడు వర్షాకాలాల్లో మన్నైపోతుంది. పైగా అక్కడ పొయ్యి పొగ లేకపోయినా నడిచింది. మా ఇంట్లో పొయ్యి పోయి గ్యాసు వచ్చి నలభై ఏళ్ళైంది. అంటే కంత అక్కడే ఉంది, దాన్ని అక్కడ పెట్టిన కారణం మాత్రం లేదు. పైన ఏమున్నాయో నేను చూసి కూడా పదేళ్ళు.

మర్నాడు వడ్రంగికి చెప్పాను: మెట్లు వద్దు. కంత వంటింట్లోంచి తీసి నడవలోకి మార్చు. కప్పులో రెండు గాజు పెంకులు వెయ్యి, వెలుతురు పడాలి. నిచ్చెన కొత్తది చెయ్యి, పైన కొక్కెం పెట్టు, జారకుండా.

“కంత ఎంత పెట్టమంటారు?” అన్నాడు టేపు తీస్తూ.

“బోషాణం దిగేంత వద్దు. చంకలో కాగితాల కట్టతో మనిషి దిగితే చాలు.”