గర్భిణి కంచము

గర్భిణి కడుపునిండ తిన్నచో బిడ్డ పెరిగి కాన్పు కష్టమగునని మా దౌల్తాబాదున అత్తలు కోడండ్రకు అన్నము తగ్గించుట బాల్యమున చూచితిని. కాన్పున కోడలు దక్కదేమో యను భయమే దానికి మూలము. ఆ మాటలో సగము నిజము కలదు. 1944-45 శీతకాలమున జర్మను సేనలు హాలెండు పడమటి పట్టణములకు తిండి రానీయలేదు. కడపటి మాసములందు ఆకలిగొన్న తల్లుల బిడ్డలు సుమారు 300 గ్రాములు తక్కువ తూగిరి; 1945 మే మాసమున తిండి దొరకిన పిమ్మట తూకము మరల పెరిగెను. తిండి తగ్గిన బిడ్డ చిన్నదగును, సరియే. చిన్నబిడ్డ క్షేమమనుట మాత్రము కల్ల. రెండున్నర కిలోలకు లోబడిన శిశువునకు చలియు, రోగమును వేగమే తగులును.

2015 జనవరి 1న తెలంగాణ ప్రభుత్వము ఆరోగ్యలక్ష్మిని ఆరంభించి, గర్భిణులకు అంగన్‌వాడీలోనే అన్నము, పప్పు, గ్రుడ్డు, పాలు పెట్టించెను. అచ్చటనే యేల? ఇంటికి తెచ్చినది మగవారును పిల్లలును పంచుకొనగా ఆమెకు మిగులుట అరుదు.