రాజపాళయం కుక్క

రాజపాళయం కుక్క దక్షిణ భారతదేశపు పెద్ద వేటకుక్క జాతి. వేట ఆగిపోయాక కాపలాకుక్కగా నిలదొక్కుకుంది. తమిళనాడు విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల అంచున ఉన్న రాజపాళయం పట్టణం పేరే దీనికి వచ్చింది. ఆ ఊళ్ళోని రాజు కులస్థులు విజయనగర కాలంలో తెలుగు నేల నుంచి దక్షిణానికి తరలివెళ్ళినవారు. ఇప్పటికీ ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు. 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ప్రభుత్వానికి నాయకత్వం వహించిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. తెలుగువారి వలసల చరిత్ర రాసేవారు ఈ కుక్కకూ అందులో చోటివ్వాలి.

16వ శతాబ్దంలో మదురై నాయక రాజ్యానికి పునాది వేసిన విశ్వనాథ నాయకుడు దేశాన్ని 72 పాళేలుగా విడదీశాడు. పాళేనికొక పాలెగాడు. పన్ను వసూలు, సైన్యాన్ని పోషించడం, ఊళ్ళకు కావలి అతని బాధ్యతలు. పాలెగాళ్ళలో చాలామంది తెలుగువారు. వాళ్ళ వేటలకూ కోటలకూ కుక్కలు కావాలి. అడవిపందిని వెంటాడి, మనుషులు వచ్చేదాకా కదలనీయకుండా నిలబెట్టగల కుక్కకు పరుగు ఒక్కటే చాలదు, బలమూ తెగువా ఉండాలి. ఈ జాతికి పాలెగార్ కుక్క అన్న పేరూ ఉంది.

1799లో పాంచాలంకురిచ్చి పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్‌ను ఆంగ్లేయులు కయత్తారు వద్ద ఉరితీశారు. ఆయనది కూడా తెలుగు మూలాలున్న వంశమే. పాలెగాళ్ళు ఆంగ్లేయులతో చేసిన పోరాటాల్లో కుక్కలు గుర్రపు దళాల మీద దూకాయని దక్షిణ తమిళనాడులో తరతరాలుగా చెప్పుకుంటారు. తర్వాతి కాలంలో కోటలు నేలమట్టమయ్యాయి, పాలెగాళ్ళ ఆయుధాలు పోయాయి. కుక్కలు మాత్రం భూస్వాముల మామిడితోటల్లోకి, ఇళ్ళ ముంగిళ్ళలోకి చేరాయి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంతో వేటకు దారులు మూసుకుపోయాక కావలి ఒక్కటే మిగిలింది.

వేట కోసం అమరిన ఒళ్ళు కాపలాకూ చక్కగా సరిపోయింది. మంచి మగకుక్క భుజాల దగ్గర 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తుంటుంది, ఆడది కొంచెం తక్కువ. ఛాతీ లోతుగా, పొట్ట లోపలికి లాక్కుపోయి ఉండాలి. నడుము దగ్గర వీపు కొద్దిగా విల్లులా వంగాలి. ముందుకాళ్ళు నిటారుగా, ఎముక గట్టిగా ఉండాలి. చెవులు వేలాడతాయి. తోక మొదట్లో లావుగా మొదలై చివరికి సన్నబడి కాస్త మెలి తిరుగుతుంది. మూతి పొడవు, దవడలు బలమైనవి. చర్మాన్ని అంటిపెట్టుకున్న పొట్టి బొచ్చు వల్ల ఎండకు తట్టుకుంటుంది. మిగతా వేటజాతులతో పోలిస్తే ఇది ఒళ్ళున్న కుక్క. బక్కచిక్కి పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నదాన్ని అసలైన రాజపాళయం అని అమ్మజూపేవారిని నమ్మనక్కర్లేదు.

ఇక రంగు. రాజపాళయం అంటే పాలతెలుపు, గులాబీ ముక్కు, బంగారు ఛాయ కళ్ళు అన్న మాట జనంలో పాతుకుపోయింది. నిజానికి గోధుమరంగు, నలుపు, చారల పిల్లలు కూడా ఈ జాతిలో పుడతాయి. ఒకప్పుడు తెల్లవాటిని ఉంచుకుని మిగిలినవాటిని పుట్టగానే చంపేసేవారు. ఈ ఎంపికే జాతికి చేటు తెచ్చింది. చర్మానికి రంగునిచ్చే కణాలు లోపలి చెవిలో కూడా ఉంటాయి, శబ్దాన్ని పట్టే రోమకణాలు బతకడానికి అవసరమైన ద్రవాన్ని సమతూకంలో ఉంచడానికి తోడ్పడతాయి. తెలుపు కోసం ఎంచుకుంటూపోతే ఆ కణాలు చెవిలో కూడా కరువవుతాయి. కుక్కపిల్లల చెవులు రెండు వారాల వయసులో తెరుచుకుంటాయి. ఆ రంగు కణాలు కరువైన పిల్లల్లో ఆ తర్వాత కొద్ది రోజులకే రోమకణాలు చచ్చిపోతాయి. ఇక ఆ చెవుడుకు మందు లేదు. డాల్మేషియన్ జాతిదీ ఇదే బాధ. రాజపాళయంలో తెలుపు ఎంపికకు తోడు ఈ జాతి కుక్కలు తక్కువై, దగ్గర రక్తంలోనే జతకట్టించడంతో లోపం మరింత ముదిరింది.

కాపలాకుక్క చీకట్లో చెవితోనే కాస్తుంది. గేటు గొళ్ళెం కదిలిన చప్పుడు వినలేని కుక్క ఎంత తెల్లగా ఉండి ఏం లాభం? పైగా చెవిటి కుక్క నిద్రలో ఉండగా ఎవరైనా తాకితే ఉలిక్కిపడి కరుస్తుంది, చిన్నపిల్లలున్న ఇంట్లో అది ప్రమాదం. ఈ జాతి ఆదర్శ లక్షణాల్లో మొదటిది మంచి వినికిడి కావాలి, రంగు ఆ తర్వాత. ముక్కు నల్లగా ఉందనో చెవి మీద మచ్చ ఉందనో మంచి పిల్లను పక్కన పెట్టడం అన్యాయం.

స్వభావంలో ఇది ఒక ఇంటి కుక్క. యజమానికి, ఇంట్లోవారికి ప్రాణం పెడుతుంది, పరాయివాళ్ళు తాకడాన్ని సహించదు. మేలైన కుక్క గొడవకు ఎదురెళ్ళదు. దూరం నుంచే హెచ్చరిస్తుంది, మనిషి ఆగితే తనూ ఆగుతుంది. కారణం లేకుండా మీద పడేదాన్ని కాపలాకుక్క అనకూడదు, అది భయపడ్డ కుక్క. వేటబుద్ధి మాత్రం చావలేదు. కోళ్ళు, పిల్లులు, మేకపిల్లలున్న చోట కన్నేసి ఉంచాలి. మూడో వారం నుంచి మూడో నెల దాకా రకరకాల మనుషుల్ని, చప్పుళ్ళను అలవాటు చేస్తే పెద్దయ్యాక నిలకడగా ఉంటుంది. పొద్దంతా గొలుసుతో కట్టేస్తే ఏ కుక్కకైనా మనసు చెడుతుంది, పరుగుకు పుట్టినదానికి మరీ.

జాతిని కాపాడే ప్రయత్నాలు ఆలస్యంగా, తడబడుతూ సాగాయి. 1980ల ఆరంభంలో తమిళనాడు పశుసంవర్ధక శాఖ చెన్నై సైదాపేటలో నాటుజాతి కుక్కల పెంపక కేంద్రం తెరిచింది. అక్కడి పరిస్థితులపై ఫిర్యాదులు రావడంతో 2016లో మద్రాసు హైకోర్టు దాన్ని మూసెయ్యమంది. 2005 జనవరి 9న తపాలా శాఖ విడుదల చేసిన నాలుగు కుక్కల బిళ్ళల్లో ముధోల్, రాంపూర్, హిమాలయ గొర్రెలకుక్కలతో పాటు రాజపాళయం కూడా ఉంది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ ముధోల్, చిప్పిపారైలతో పాటు దీన్ని దేశీయ జాతిగా నమోదు చేసింది. 2020 ఆగస్టులో ప్రధాని నరేంద్ర మోదీ రేడియో ప్రసంగంలో ప్రస్తావించాక గిరాకీ పెరిగింది, ఆ వెంటే పేరు పెట్టి ఏదో ఒక తెల్లకుక్కను అమ్మేవారూ పెరిగారు.

హైదరాబాద్ ఉత్తర శివార్లలో, సూరారం దాటి మేడ్చల్, శామీర్‌పేట వైపు తోటలూ ప్రహరీ గోడల ప్లాట్లూ ఉన్నవారికి ఈ జాతి పనికొస్తుంది. మన ఎండాకాలం దానికి పుట్టినింటి వాతావరణమే, మంచుదేశపు బొచ్చుకుక్కల్లా ఏసీ అడగదు. అపార్ట్‌మెంట్‌లో మాత్రం పెట్టకూడదు. కొనేముందు తల్లిదండ్రుల్ని చూడాలి, పిల్లకు కనీసం ఐదు వారాలు నిండాలి. నిద్రపోతున్న పిల్ల వెనక పళ్ళెం కొట్టి చూడటం చాలదు. నేల అదురుకు లేస్తుంది, పక్క పిల్ల లేస్తే తనూ లేస్తుంది. ఒక చెవి మాత్రమే పోయిన పిల్ల ఈ పరీక్షకు అసలు దొరకదు. మెదడుకు చేరే సంకేతాలను కొలిచే పరీక్షతో రెండు చెవులనూ విడివిడిగా చూడవచ్చు. ఒక చెవి పోయిన కుక్కనైనా ఇంట్లో పెంచుకోవచ్చు గానీ, జతకు కట్టకూడదు.