రెండవ చెంప – నాష్‌విల్ పాఠం



మత్తయి 5వ అధ్యాయంలోని రెండవ చెంప మాట వినగానే, కొట్టినా నోరెత్తకుండా పడి ఉండమని కాబోలు అనుకుంటాం. ఆ మాటను పట్టుకుని ఒక ఊరి అన్యాయాన్నే ఎదిరించిన దైవసేవకుని సంగతి ఈ వారం ధ్యానిద్దాం.

జేమ్స్ లాసన్ గారు అమెరికాలో నల్లజాతి మెథడిస్టు పాస్టరుగారి కుమారుడు. చిన్నతనంలో, తనను జాతి పేరుతో తిట్టిన తెల్లపిల్లవాణ్ణి చెంప మీద కొట్టి ఇంటికొచ్చాడు. దానివల్ల ఏం మేలు జరిగిందని తల్లి అడిగింది. ఆ ప్రశ్న ఆయన్ను మరి వదల్లేదు. కొరియా యుద్ధకాలంలో సైన్యంలో చేరనని జైలుకు వెళ్లారు. 1953లో మిషనరీగా మన దేశానికే వచ్చి, నాగపూర్ హిస్లాప్ కాలేజీలో పనిచేస్తూ గాంధీగారి మార్గాన్ని దగ్గరగా చూశారు.

1958లో నాష్‌విల్ చేరారు. అక్కడి పెద్ద దుకాణాల్లో నల్లవారు సరుకులు కొనవచ్చు, అదే దుకాణంలోని భోజనం కౌంటరు దగ్గర మాత్రం కూర్చోకూడదు. (రెండు గ్లాసుల సంగతి తెలిసిన మనకు ఇది వేరే చెప్పాలా!)

లాసన్ గారు ఒక చర్చి కింది గదిలో విద్యార్థులకు తరగతులు పెట్టారు. పాస్టరు చదువు చదువుతున్న జాన్ లూయిస్ వారిలో ఒకరు. కొందరు తెల్లవాళ్లుగా నటిస్తూ తోటివాళ్లను తిట్టేవారు, కుర్చీలు లాగేసేవారు, ముఖాన పొగ ఊదేవారు. కూర్చున్నవాళ్లు తిరిగి కొట్టకూడదు, పారిపోకూడదు. కిందపడితే తల ఎలా కాచుకోవాలో కూడా నేర్పారు. శత్రువును ప్రేమించమని వాక్యం చెప్పి ఇంటికి పంపేయడం తేలిక; ఆయన నెలల తరబడి సాధన చేయించారు.

1960 ఫిబ్రవరి 13న వంద మందికి పైగా విద్యార్థులు వెళ్లి కౌంటర్ల ముందు కూర్చున్నారు. 27న అల్లరిమూక వారిని కొట్టింది, సిగరెట్లతో కాల్చింది. పోలీసులు మాత్రం దెబ్బలు తిన్నవారినే 80 మందికి పైగా అరెస్టు చేశారు. ఒక గుంపును తీసుకుపోతే మరో గుంపు వచ్చి అవే కుర్చీల్లో కూర్చుంది. మార్చిలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం లాసన్ గారిని వెళ్లగొట్టింది. ఈస్టరు పండుగకు నల్లజాతి కుటుంబాలు ఆ దుకాణాల్లో కొత్తబట్టలు కొనలేదు. పిల్లలకు పండుగ బట్టలు లేకపోవడం ఎంత బాధో మన తల్లులకు తెలుసు.

ఏప్రిల్ 19న వారి న్యాయవాది ఇంటి మీద బాంబు వేశారు. వేలమంది మౌనంగా నగర భవనానికి నడిచారు. జాతిని బట్టి మనిషిని తక్కువ చేయడం సరైనదేనా అని విద్యార్థిని డయాన్ నాష్ మేయరును సూటిగా అడిగింది. సరైనది కాదని ఆయన అందరి ముందు ఒప్పుకున్నాడు. మే 10న ఆ కౌంటర్ల దగ్గర నల్లవారికి భోజనం వడ్డించారు.

2006లో వాండర్‌బిల్ట్ లాసన్ గారిని ఆచార్యునిగా పిలిచింది. ఆయన వెళ్లి పాఠం చెప్పారు.