పాతరనుండి గిడ్డంగివఱకు

మన చిత్తూరు, తిరుపతి పల్లెలలో పాతర యనుమాట పెద్దలెఱిగినదే. నీరు ఊరని మెరకనేల చూచి గోయి త్రవ్వి, లోన మంటవేసి గోడల నారబెట్టి, గడ్డి పఱచి రాగులు పోసి, పైన బండ మూసి మట్టి మెత్తుచుండిరి. మూసిన గోతిలో గింజలే మెల్లమెల్లగా ప్రాణవాయువును హరించును. అందుచే పురుగు బ్రతుకజాలదు. రాగులు ఏండ్లతరబడి చెడకుండును. ఆ గాలి మనుష్యునకును ప్రాణాంతకమే. కావుననే పాతర తెఱచిన వెంటనే దిగక, ముందు దీపము దింపి చూచెడివారు. దీపమాఱినచో దిగరాదు.

అయినను పాతర కలవానికే పాతర. 1876-78 నాటి ధాతకరవు ఈ సత్యమును చాటెను. అప్పుడు చిత్తూరు ఉత్తరార్కాటు జిల్లాకు ముఖ్యస్థానము. మదరాసునుండి రేణిగుంట, కడపలమీదుగా రాయచూరునకు పోవు రైలుమార్గము 1871లోనే పూర్తియైయుండెను. ధాన్యము రైలుమీద వచ్చెను గాని దాని వెల పేదవానికి అందలేదు. పనిలేని కూలివానికి పాతరయు లేదు, పైకమును లేదు. మదరాసు రాజధానిలో లక్షలకొలది జనులు మడిసిరి.

ధాన్యపుకొట్టు ఎవరి చేతిలో నుండవలెనను ప్రశ్న మనకే కాదు, దూరదేశపు రైతులకును కలిగెను. అమెరికాలోని బఫెలో రేవున 1842లో జోసెఫ్ డార్ట్ అనునతడు కొత్తరకపు కొట్టొకటి కట్టనారంభించెను. ఆవిరియంత్రముతో తిరుగు పట్టీకి చిన్నతొట్లు బిగించి, ధాన్యమును పై అరలకెత్తు కొట్టది. దానినే ఎలివేటరందురు. పిమ్మట కెనడా గడ్డిమైదానములలో రైలుస్టేషనుల ప్రక్క ఇట్టి చెక్కమేడలు వేలకొలది లేచెను. రైతు తెచ్చిన గోదుమలను తూచి, పైకెత్తి అరలలో నింపి, అక్కడనుండి రైలుపెట్టెలలోనికి జాఱవిడుచుచుండిరి. తూకమునందును, రకము నిర్ణయించుటయందును తమకు అన్యాయము జరుగుచున్నదని రైతులు మొఱపెట్టిరి. తుదకు సస్కాచెవాన్ రైతులు 1911లో సహకార ఎలివేటరు కంపెనీని నెలకొల్పుకొనిరి. యంత్రము మాఱలేదు, త్రాసు పట్టినచేయి మాఱెను.

మనదేశమున 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థయు, 1965లో భారత ఆహారసంస్థయు ఏర్పడెను. పాతర ఒక ఇంటికి చేయు పనిని గిడ్డంగి దేశమునకు చేయవలెను. కాని గోడలు గట్టివైనంతమాత్రమున ఆకలి తీఱదు. కరవునాడు లేనివానికి తలుపు తెఱచినప్పుడే అది ధాన్యాగారము. కాదేని మూసిన గోయియే.

కావున పెద్దలారా, గిడ్డంగికి ధాన్యము తోలునప్పుడు తూకము కన్నులార చూడుడు. రసీదు చదివి పుచ్చుకొనుడు. సహకారసంఘపు సభకు తప్పక పొండు. మీ మనుమలకు పాతరలో దీపము దింపిన కథ చెప్పుడు. నిలువచేసినచోట ముందు పరీక్షించి పిదపనే నమ్మవలెనని ఆ దీపము మనకు నేర్పినది.